ఉలవకట్టుకు కరగని రాయి



ఆదివారం నాడు ఇంట్లో కోడిని కోస్తారు. కార్జం పక్కనే ఒక చిన్న తిత్తి కనిపిస్తుంది. ఆకుపచ్చగా ఉంటుంది. దాన్ని తీసేటప్పుడు మీ చెయ్యి ఎంత జాగ్రత్తగా కదులుతుందో మీకే తెలుసు. అది పగిలిందంటే కూరంతా చేదు. అందుకే దాన్ని చేదుకట్టు అంటారు.

ఆ చేదుకట్టు మనిషికీ ఉంది. కుడి పక్కన, డొక్క ఎముకల కింద, కార్జానికి అంటుకుని ఉంటుంది. డాక్టర్లు దాన్ని పిత్తాశయం అంటారు. ఇంగ్లీషులో గాల్ బ్లాడర్ అంటారు. ఈ రోజు మాట ఆ తిత్తిలో పడే రాళ్ల గురించి. ఆ రాళ్లకు ఇంట్లో చేసుకునే మందుల గురించి. వాటిలో ఏది మేలు, ఏది కీడు అనే దాని గురించి.

ఒక అక్క కథ

ముందుగా ఒక కథ అనుకుందాం. ఇది అనుకున్న కథే. కానీ ఇలాంటి అక్క లేని ఊరు ఉండదు. పాకాల పక్కన అనుకోండి. పలమనేరు పక్కన అనుకోండి. శ్రీకాళహస్తి పక్కన అనుకున్నా సరే.

ఆ అక్కకు నలభై ఏళ్లు దాటాయి. ముగ్గురు పిల్లలు. పొద్దున పాలు పిండి కేంద్రానికి పోస్తుంది. తర్వాత కూలికి పోతుంది. గంగ జాతర నాడు ఇంట్లో పొట్టేలు కూర వండింది. అందరికీ పెట్టి చివర్లో తను తినింది. రాత్రి పన్నెండు గంటలకు నొప్పి ఎత్తుకుంది. కుడి డొక్క కింద పట్టేసింది. వీపులోకి, కుడి భుజం దాకా పాకింది. రెండుసార్లు వాంతి అయింది. తెల్లవారేసరికి నొప్పి తగ్గిపోయింది.

"గ్యాసు పట్టిండాదిలే అమ్మీ, సోడా తాగు" అనింది అత్త.

అక్క సోడా తాగింది. పనికి పోయింది. నెల తిరక్కుండానే మళ్లీ అదే నొప్పి. ఈసారి ఆశా కార్యకర్త పట్టుబట్టింది. స్కానింగు తీయించింది. పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయని తేలింది. ఆపరేషన్ చేయాలన్నారు.

ఆ సాయంత్రం ఇంటి ముందర నలుగురు చేరారు. తలా ఒక మాట చెప్పారు.

"కోయించుకునే దానికి అంత తొందరేముంది వదినా? ఉలవకట్టు తాగు. మా తమ్ముడికి రాయి పడిపోయింది" అనింది పక్కింటామె.

"కొండపిండి ఆకు నూరుకుని తాగితే కరిగిపోతాదంట" అన్నాడు ఒక పెద్దాయన.

కొడుకు ఫోన్ తెచ్చాడు. "అమ్మా, ఈ వీడియో చూడు. నూనె, నిమ్మరసం కలిపి తాగితే రాళ్లు పడిపోతాయంట. చూడు, పచ్చగా ఎట్లా పడినాయో!"

అక్కకు ఆపరేషన్ అంటే భయం. డబ్బు అంటే ఇంకా భయం. "అయితే ఇదే చేస్తాను" అనుకుంది.

కథ ఇక్కడ కాసేపు ఆపుదాం. ఆ నలుగురూ చెప్పిన మాటల్లో నిజమెంతో చూద్దాం.

ఆ తిత్తి చేసే పని ఏమిటి?

కార్జం రోజంతా పసరు లాంటి నీరు తయారు చేస్తుంది. దాని పేరు పైత్యరసం. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా తయారవుతుంది. నూనె, నెయ్యి, మాంసం కొవ్వు అరగడానికి ఈ రసం కావాలి.

మీరు అంట్లు తోమేటప్పుడు చూస్తారు కదా. జిడ్డు గిన్నె నీళ్లకు వదలదు. సబ్బు వేస్తే వదులుతుంది. పేగులో జిడ్డుకు పైత్యరసం సబ్బు లాంటిది.

పిత్తాశయం ఈ రసాన్ని దాచి పెట్టుకునే తిత్తి. అందులో 30 నుంచి 50 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే చిన్న కాఫీ గ్లాసులో సగం కూడా కాదు. మనం కొవ్వు ఉన్న తిండి తినగానే ఆ తిత్తి ముడుచుకుంటుంది. రసాన్ని సన్నటి గొట్టం గుండా పేగులోకి పంపుతుంది.

రాయి ఎలా పుడుతుంది?

కల్లుప్పు నీళ్లలో వేసి కలిపితే కరుగుతుంది. ఉప్పు మరీ ఎక్కువైతే అడుగున మిగిలిపోతుంది. పైత్యరసంలో కూడా కొన్ని పదార్థాలు కరిగి ఉంటాయి. అందులో కొలెస్ట్రాల్ అనే కొవ్వు ఒకటి. రంగు నిచ్చే పదార్థం ఇంకొకటి. ఇవి మోతాదు మించితే, రసం కదలకుండా నిలవ ఉండిపోతే, చిన్న చిన్న పలుకులు కడతాయి. పలుకు మీద పలుకు చేరి రాయి అవుతుంది. ఇసుక రేణువంత నుంచి కోడిగుడ్డంత దాకా ఉండవచ్చు. ఒకటి ఉండవచ్చు. వందలు కూడా ఉండవచ్చు.

ఈ రాయి మీకు కొత్త కాదు. పసిబిడ్డలకు రంగరించి పోసే గోరోచనం విన్నారు కదా. అసలు గోరోచనం అంటే ఆవు పిత్తాశయంలో పుట్టిన రాయే.

ఎవరికి ఎక్కువగా వస్తాయి?

మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ. దీనికి కారణం ఉంది. ఆడవాళ్ల ఒంట్లో ఉండే హార్మోన్ల వల్ల పైత్యరసంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడు పిత్తాశయం మెల్లగా ముడుచుకుంటుంది. రసం నిలవ ఉంటుంది. అందువల్ల కాన్పులు ఎక్కువైన కొద్దీ రాళ్లు పడే అవకాశం పెరుగుతుంది.

నలభై దాటిన వారికి, ఒళ్లు వచ్చిన వారికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి ఎక్కువ. తల్లికో, అక్కకో ఉంటే మనకూ రావచ్చు. ఉన్నట్టుండి బాగా చిక్కిపోయిన వారికీ వస్తాయి. పొద్దస్తమానం పస్తులుండే వారికీ వస్తాయి. ఎందుకంటే తిండి పడకపోతే తిత్తి ముడుచుకోదు. రసం అందులోనే చిక్కబడుతుంది. వారానికి రెండు మూడు రోజులు ఒక్కపొద్దులు ఉండే అమ్మలు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. అందరూ తిన్నాక మిగిలితే తినే అమ్మలు కూడా గుర్తు పెట్టుకోవాలి. సన్నగా ఉన్నవారికి రాదని కాదు. వాళ్లకూ వస్తుంది.

రెండు రాళ్లు, రెండు దారులు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పక్కింటామె అబద్ధం చెప్పలేదు. వాళ్ల తమ్ముడికి రాయి పడిపోయిన మాట నిజమే. కానీ అది మూత్రపిండంలో రాయి. కిడ్నీ రాయి అంటారు.

కిడ్నీ నుంచి మూత్రం కిందికి దిగుతుంది. మనం నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం ఎక్కువ వస్తుంది. చిన్న రాయి అయితే ఆ వరవడికి కొట్టుకుని బయటికి వచ్చేస్తుంది. డాక్టర్లు కూడా చిన్న కిడ్నీ రాయికి నీళ్లు బాగా తాగమనే చెబుతారు. ఉలవకట్టు, బార్లీ నీళ్లు, అరటి దూట రసం, కొండపిండి ఆకు అన్నీ ఆ రాయికి పెద్దలు చెప్పినవే. అక్కడ రాయి పడిపోతే అది నీళ్ల పుణ్యమా, ఆకు పుణ్యమా అనేది వేరే మాట.

పిత్తాశయం దారి అది కాదు. మనం తాగిన నీళ్లు ఆ తిత్తిలోకి పోవు. ఉలవకట్టు పోదు. ఆకు రసం పోదు. అవి గొంతు దిగి కడుపులోకి, పేగులోకి పోతాయి. పిత్తాశయం ఆ దారిలో లేదు. పక్క సందులో ఉంది. పేగులో ఎంత వరద వచ్చినా పక్క సందులోని రాయిని కడగలేదు.

ఇంకొక తేడా కూడా ఉంది. కిడ్నీ రాయి కదిలి బయటపడితే సంతోషం. పిత్తాశయం రాయి కదిలితే ప్రమాదం. తిత్తి నుంచి పేగుకు పోయే పెద్ద గొట్టం వెడల్పు 6 మిల్లీమీటర్ల లోపే. ఒక ఉలవ గింజ పొడవు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అంటే ఉలవ గింజంత రాయి చాలు, ఆ గొట్టంలో ఇరుక్కోవడానికి. "చిన్న రాళ్లే కదా" అని కొందరు ధైర్యం చెబుతారు. చిన్న రాళ్లే తిత్తి దాటి గొట్టంలోకి జారుతాయి. అందుకే చిన్నవని అలుసు చేయకూడదు.

ఉలవకట్టు చెడ్డదని చెప్పడం కాదు. ఉలవలు బలం. సంగటిలోకి రుచి. తినండి. కానీ ఈ రాయికి మందు అనుకుని ఆసుపత్రికి పోవడం మానకండి.

నూనె, నిమ్మరసం మందు సంగతి

ఇక ఫోన్‌లో కొడుకు చూపిన మందు. రోజంతా పస్తు ఉండాలంటారు. ఆపిల్ రసం తాగాలంటారు. విరేచనాలకు ఎప్సమ్ ఉప్పు తాగాలంటారు. రాత్రికి గ్లాసుడు ఆలివ్ నూనెలో నిమ్మరసం కలిపి తాగాలంటారు. ఆలివ్ నూనె దొరక్కపోతే చెనిక్కాయ నూనె చాలని ఇంకెవరో అంటారు. తెల్లవారి దొడ్డికి పోతే పచ్చటి ఉండలు పడతాయి. వీడియోలో చూపేది వాటినే.

అవి నిజంగా రాళ్లేనా? ఈ సంగతిని న్యూజిలాండ్ దేశంలో పరీక్ష చేసి చూశారు. 2005లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో అది అచ్చయింది. అక్కడ నలభై ఏళ్ల ఆమెకు పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయి. ఆమె ఇలాంటి మందే చేసుకుంది. 600 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, 300 మిల్లీలీటర్ల నిమ్మరసం తాగింది. మెత్తటి పచ్చ ఉండలు పడ్డాయి. ఆమె వాటిని ఆసుపత్రికి తెచ్చి ఇచ్చింది.

డాక్టర్లు వాటిని పరీక్షకు పంపారు. కొంచెం వేడి తగలగానే అవి నూనెలా కరిగిపోయాయి. రాయిలో ఉండాల్సిన కొలెస్ట్రాల్ వాటిలో లేదు. సున్నం లేదు. రంగు పదార్థం లేదు. మరి ఏమున్నాయి? తాగిన నూనే కడుపులోని రసాలతో కలిసి సబ్బు ఉండలు కట్టింది! ఆమె రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. తర్వాత ఆపరేషన్ చేసి తీశారు.

రాళ్లు లేని మనిషి ఆ మందు తాగినా పచ్చ ఉండలు పడవచ్చు. కాబట్టి పచ్చ ఉండలు చూసి మోసపోకండి.

ఉండలు పడితే పడ్డాయి, నష్టమేమిటి అంటారా? నష్టం ఉంది.

ఒకటి: గ్లాసుడు నూనె ఒక్కసారి దిగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది. లోపల రాళ్లున్నాయి. ఆ ఒత్తిడికి ఒక రాయి గొట్టంలోకి జారి అడ్డం పడవచ్చు. జాతర నాడు పొట్టేలు కూర తిన్నాక నొప్పి వచ్చింది ఈ ముడుపు వల్లే. నూనె మందు దానికి పదింతలు.

రెండు: ఎప్సమ్ ఉప్పుకు విరేచనాలు పడతాయి. ఒంట్లో నీరు పోతుంది. కళ్లు తిరుగుతాయి. కిడ్నీలు బాగా లేని వారికి ఆ ఉప్పు ప్రాణం మీదికి తెస్తుంది.

మూడు: చక్కెర వ్యాధికి మాత్రలు వేసుకుంటూ పస్తు ఉంటే చక్కెర పడిపోతుంది. మనిషి స్పృహ తప్పవచ్చు.

నాలుగు: అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. "రాళ్లు పడిపోయాయి" అని నమ్మి ఊరుకుంటారు. రాయి లోపలే ఉంటుంది.

సంతలో అమ్మే పేరు లేని పొడుల గురించి కూడా ఒక మాట. అలాంటి కొన్ని పొడుల్లో సీసం, పాదరసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అవి కిడ్నీలను, కార్జాన్ని పాడు చేస్తాయి. ఆయుర్వేదం చదివిన డాక్టరుకు చూపించుకోవడం వేరు. తిరుపతిలో ఆయుర్వేద కళాశాల ఉంది, ఆసుపత్రి ఉంది. చదివిన వైద్యుడు ముందు స్కానింగు చూస్తాడు. సంచి భుజాన వేసుకుని వచ్చి పొడి అమ్మేవాడు మీ డబ్బు చూస్తాడు.

మన ప్రాంతంలో నాటు వైద్యానికి పేరుంది. పుత్తూరు కట్టు తెలియనిది ఎవరికి? ఎముక విరిగితే ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. ఆ నమ్మకంతోనే అన్ని జబ్బులకూ నాటు మందు చాలనుకుంటాం. ఎముక చేతికి తగులుతుంది. పిత్తాశయంలోని రాయి చేతికి తగలదు. నాడికి దొరకదు. స్కానింగులోనే కనబడుతుంది.

కామెర్లు వస్తే

రాయి పెద్ద గొట్టంలో అడ్డం పడితే పైత్యరసం పేగులోకి పోదు. రక్తంలోకి ఎగదన్నుతుంది. అప్పుడు కళ్లు పచ్చబడతాయి. మూత్రం ముదురు రంగులో వస్తుంది. దొడ్డి తెల్లగా, సున్నం కలిపినట్టు వస్తుంది. ఒళ్లంతా దురద పెడుతుంది.

మన ఊళ్లలో కళ్లు పచ్చబడితే ఏం చేస్తారు? పసరు పోయిస్తారు. చేతికి వాత పెట్టిస్తారు. పత్యం చేయిస్తారు. కామెర్లలో చాలా రకాలు ఉన్నాయి. కొన్ని రకాలు వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. కానీ రాయి అడ్డం పడి వచ్చిన కామెర్లకు పసరు ఏమీ చేయలేదు. వాత పెడితే పుండు మిగులుతుంది. ఈలోగా అడ్డం పడిన చోట చీము పట్టవచ్చు. చలిజ్వరం వస్తుంది. అప్పుడు గంటలు లెక్క పెట్టుకోవాలి. రోజులు కాదు.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. క్లోమం అని ఒక గ్రంథి ఉంది. దాని గొట్టం కూడా అక్కడే కలుస్తుంది. రాయి అక్కడ అడ్డం పడితే క్లోమం వాస్తుంది. భరించలేని నొప్పి వస్తుంది. కొందరికి ప్రాణాపాయం.

ఈ గుర్తులు గోడ మీద రాసుకోండి

నొప్పి ఐదారు గంటలైనా తగ్గకపోవడం. నొప్పితో పాటు జ్వరం, చలి. కళ్లు పచ్చబడడం. ఆగని వాంతులు. కడుపు ముట్టుకుంటే ఓర్చుకోలేకపోవడం. స్పృహ తడబడడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. ఊళ్లో సూది వేసే ఆయన దగ్గరకు పోయి నొప్పి సూది వేయించుకుని పడుకోకండి. నొప్పి అణిగినా జబ్బు అణగదు.

మరి మందు ఏమిటి?

ముందు ఒక మంచి మాట. రాయి ఉన్న ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అక్కర లేదు. వేరే పనికి స్కానింగు తీస్తే రాళ్లు కనబడ్డాయి. నొప్పి ఎప్పుడూ రాలేదు. అలాంటి రాళ్లను నిద్రపోయే రాళ్లు అనుకోండి. అలాంటివారు నూరుమంది ఉంటే ఏడాదికి ఒకరి నుంచి నలుగురికే నొప్పి మొదలవుతుంది. చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. "వెంటనే కోసేయాలి" అని ఎవరైనా తొందర పెడితే, "నాకు నొప్పి లేదు కదా సార్, ఎందుకు?" అని అడగండి. అడగడం మీ హక్కు. రాయి బాగా పెద్దదైనా, తిత్తి గోడలో తేడా ఉన్నా డాక్టరు కారణం చెబుతారు. విని నిర్ణయం తీసుకోండి.

నొప్పి ఒకసారి మొదలైతే సంగతి వేరు. అది మళ్లీ మళ్లీ వస్తుంది. అప్పుడు పిత్తాశయాన్ని తీసేయడమే సరైన వైద్యం.

రాయి కరిగే మాత్రలు లేవా? ఉన్నాయి. కానీ అవి చిన్న కొలెస్ట్రాల్ రాళ్లకే పని చేస్తాయి. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా వాడాలి. కరిగినా ఐదేళ్లలో సగం మందికి మళ్లీ పడతాయి. దక్షిణాదిలో రంగు పదార్థంతో పుట్టే రాళ్లు చాలామందిలో కనబడతాయి. వాటికి ఆ మాత్రలు పని చేయవు.

తిత్తిని ఎందుకు తీయాలి, రాళ్లు మాత్రం తీస్తే పోదా అని అడుగుతారు. రాళ్లు తీసి తిత్తిని వదిలేస్తే అందులో మళ్లీ రాళ్లు పుడతాయి. కుండే చెడినప్పుడు నీళ్లు మార్చి లాభం లేదు.

తిత్తి తీస్తే బతకగలమా? బతకగలం. గుర్రానికి పిత్తాశయం లేదు. ఏనుగుకూ లేదు. తిరుమలలో స్వామి వాహనం ముందు నడిచే ఏనుగును చూసే ఉంటారు. అంత ఒళ్లు ఆ తిత్తి లేకుండానే నడుస్తోంది! పైత్యరసం తయారు చేసేది కార్జం. తిత్తి దాచిపెట్టేది మాత్రమే. తిత్తి పోతే రసం నేరుగా పేగులోకి పోతుంది. కొందరికి కొన్ని వారాలు విరేచనం పలచగా అవుతుంది. తర్వాత సర్దుకుంటుంది.

ఈ ఆపరేషన్ కొత్తది కాదు. 1882లో జర్మనీలో మొదటిసారి చేశారు. అప్పుడు కడుపు పెద్దగా కోసేవారు. 1985లో జర్మనీలోనే చిన్న రంధ్రాల గుండా చేయడం మొదలయింది. 1990లో మన దేశంలో ముంబయిలో చేశారు. ఇప్పుడు జిల్లాల్లో కూడా చేస్తున్నారు. మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. ఒక రంధ్రం గుండా కెమెరా పంపుతారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తారు. వారం, పది రోజుల్లో ఇంటి పనులు మొదలు పెట్టవచ్చు. బరువులు ఎత్తడానికి, కూలికి పోవడానికి డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

ప్రమాదం అసలు లేదా? ఉంది. దాచడం మంచిది కాదు. వెయ్యి మందిలో ముగ్గురికో నలుగురికో పైత్యరసం గొట్టానికి దెబ్బ తగలవచ్చు. రక్తం పోవచ్చు. రంధ్రాలతో కుదరక కొందరికి కడుపు కోయవలసి రావచ్చు. అయినా నొప్పి ఉన్న మనిషికి రాయిని లోపల ఉంచుకోవడమే ఎక్కువ ప్రమాదం.

రాయి గొట్టంలో అడ్డం పడి ఉంటే, నోటి గుండా కెమెరా గొట్టం పంపి దాన్ని తీసే పద్ధతి ఉంది. అది పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు.

ఎక్కడికి పోవాలి? ఎంత అవుతుంది?

ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. స్కానింగుకు పోయేటప్పుడు పొద్దున ఏమీ తినకుండా పోవాలి. తింటే తిత్తి ముడుచుకుని రాళ్లు సరిగా కనబడవు. స్కానింగు నొప్పి లేని పరీక్ష.

తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది. 1993లో మొదలైన స్విమ్స్ ఉంది. చిత్తూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. చిత్తూరు పక్క వాళ్లు రాయవేలూరు పోవడం తాతల నాటి అలవాటు. అక్కడి సీఎంసీ ఆసుపత్రి 1900లో ఒక్క మంచంతో మొదలయింది. ఐడా స్కడర్ అనే అమ్మాయి దాన్ని మొదలు పెట్టింది. ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టమై చనిపోయారు. మగ డాక్టరుకు చూపించడానికి ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. అది చూసి ఆమె డాక్టరు చదివింది. ఆడవాళ్ల జబ్బు ఇంట్లోనే అణిగిపోకూడదన్నది ఆమె పట్టుదల.

డబ్బు మాట. పేదలకు ఉచిత వైద్యం పథకం 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలయింది. ప్రభుత్వాలు మారినప్పుడు పేరు మారింది. 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే మనిషి కూర్చుని ఉంటారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసుకుని వారి దగ్గరకు పోండి. "ఈ ఆపరేషన్ ఈ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారా? బయట కొనాల్సినవి ఏమైనా ఉన్నాయా?" అని చేరకముందే అడగండి. కాగితం మీద సంతకం పెట్టమంటే ముందు చదవండి. చదువు నేర్చుకుంది అందుకే కదా. కమ్మలు కుదువ పెట్టే ముందు ఈ పని చేయండి.

ఇంట్లో మనం చేయగలిగింది

ఆపరేషన్‌కు ఎదురు చూసేటప్పుడు నూనె పలహారాలు, నెయ్యి, కొవ్వు మాంసం తగ్గించండి. ఒక్కసారే కడుపు నిండా తినకండి. కొంచెం కొంచెంగా, వేళకు తినండి. రాగి సంగటి, ఆకుకూర, పప్పు, కూరగాయలు, పండ్లు మంచివి. ఒళ్లు తగ్గాలంటే మెల్లగా తగ్గండి. పస్తులతో తగ్గించకండి. పసుపు కూరలో వేసుకుంటే ఏమీ కాదు. మందని చెంచాలు చెంచాలు మింగకండి. ఇవి నొప్పి రాకుండా కొంత సాయం చేస్తాయి. ఉన్న రాయిని కరిగించవు.

కడుపుతో ఉన్న చెల్లెలికి ఈ నొప్పి వస్తే ఇంటి మందు అసలే వద్దు. కాన్పు డాక్టరుకు చెప్పాలి.

కథకు రెండు ముగింపులు

ఇప్పుడు మన అక్క దగ్గరకు వద్దాం. ఈ కథకు రెండు ముగింపులు ఉన్నాయి.

మొదటిది ఇలా ఉంటుంది. అక్క నూనె తాగింది. పచ్చ ఉండలు పడ్డాయి. ఇల్లంతా సంతోషపడింది. మూడు వారాలకు కళ్లు పచ్చబడ్డాయి. పసరు పోయించారు. వాత పెట్టించారు. ఐదో రోజు చలిజ్వరం వచ్చింది. మాట తడబడింది. అప్పుడు 108 వచ్చింది. ఆసుపత్రిలో నెలరోజులు ఉండింది. బతికింది. కానీ రెండు పాడి ఆవులు అమ్ముడు పోయాయి. చిన్నమ్మి బడి మానేసి ఇంట్లో వంట పట్టింది.

రెండోది ఇలా ఉంటుంది. అక్క గ్లాసు పక్కన పెట్టింది. "అత్తా, ఆ తమ్ముడిది కిడ్నీ రాయంట. నాది వేరే రాయి. ఉలవకట్టుకు కరగదంట" అనింది. అత్త కాసేపు ఊరకుండింది. "సరే అమ్మీ. నేనూ వస్తా పా. పిల్లోళ్లకు మీ వదిన వండి పెడతాదిలే" అనింది. ఆరోగ్యమిత్రను కలిశారు. మూడో రోజు ఆపరేషన్ అయింది. వారం తిరిగేసరికి అక్క మంచం మీద కూర్చుని చింతపండు ఒలుస్తోంది. ఆ రెండు వారాలు పాలు మొగుడు పిండినాడు. పిండడం వచ్చునని అప్పుడే ఇంట్లో అందరికీ తెలిసింది.

ఏ ముగింపు కావాలో ఎంచుకునేది మీరే. నొప్పి మీది. ఒళ్లు మీది. "నాకేంలే, పిల్లలు చూసుకుంటే చాలు" అనకండి. మీరు లేకపోతే పిల్లలను చూసేదెవరు?

చదివి మాట్లాడుకోండి

1. కిడ్నీ రాయికీ, పిత్తాశయం రాయికీ తేడా ఏమిటి?
2. నూనె మందు తాగితే పడే పచ్చ ఉండలు ఏమిటి?
3. ఏ గుర్తులు కనబడితే వెంటనే 108కి ఫోన్ చేయాలి?
4. మీ ఊళ్లో ఆడవాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా పోవడానికి కారణాలు ఏమిటి? మీ సంఘం ఏం చేయగలదు?
5. మీ ఇంట్లో అందరికంటే చివర్లో తినేది ఎవరు? ఎందుకు?

కొత్త మాటలు

పిత్తాశయం: చేదుకట్టు, పైత్యరసం దాచే తిత్తి.
పైత్యరసం: కొవ్వును అరిగించే పచ్చటి నీరు.
క్లోమం: కడుపు వెనక ఉండే గ్రంథి.
స్కానింగు: ఒళ్లు కోయకుండా లోపలి భాగాలు చూసే పరీక్ష.